మోకాళ్ళు ఎవరి ముందు వంచాలి?

ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో మనం మోకరిస్తాం. గురువు దివ్యసత్ప్రసాదాన్ని పైకెత్తే ఆ ఘడియలో గుడిలో ఆసామీ లేడు, కూలీ లేడు. ఉపదేశిగారు, పంచాయతీ ప్రెసిడెంటుగారు, నాట్లు వేసి నడుము పట్టేసిన అవ్వ, అందరూ ఒకే నేల మీద మోకాళ్ళూనుతారు. ఆ మోకరింపులో ఎవరికీ చిన్నతనం లేదు. పైగా పూజ ముగిసి బయటికి వచ్చేటప్పుడు మనిషి కాస్త తలెత్తుకునే నడుస్తాడు.

అదే అవ్వ మరునాడు ఎవరి వాకిట్లోనో చేయి చాచి మోకాళ్ళమీద కూలబడవలసి వస్తే? శరీరం చేసే పని ఒకటే. అర్థం మాత్రం తలకిందులైపోయింది. ఎందుకని? ఈ వారం ఈ ప్రశ్న గురించి ఆలోచిద్దాం. ఇందుకోసం మనం చాలా దూరం, అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరందాకా వెళ్ళాలి. అక్కడ ఒక పార్కులో ఉన్న కంచు విగ్రహం దాదాపు నూటయాభై ఏళ్ళుగా ఇదే ప్రశ్న అడుగుతూ ఉంది.

ఆ పార్కు పేరు లింకన్ పార్కు. విగ్రహంలో ఇద్దరు మనుషులున్నారు. ఒకరు అధ్యక్షుడు అబ్రహాం లింకన్. నిండైన దుస్తులతో నిటారుగా నిలబడి ఉన్నారు. కుడిచేతి కింద బానిసల విమోచన ప్రకటన పత్రం. ఎడమచేయి రెండో మనిషి మీదుగా చాచి ఉంది. ఆ రెండో మనిషి నల్లజాతివాడు. ఒంటిమీద నడుముకు చుట్టుకున్న గుడ్డ తప్ప మరేమీ లేదు. తెగిన సంకెళ్ళు పక్కన ఉన్నాయి. ఒక మోకాలు నేలకు ఆనించి, లేవబోతున్నట్టుగా ఉన్నాడు. ఏమీ చెప్పకుండా మన ఇంటి పిల్లవాణ్ణి ఆ విగ్రహం ముందు నిలబెట్టి, ‘‘ఇందులో గొప్పవాడు ఎవరు?’’ అని అడిగితే ఏమంటాడు? ఆలోచించకుండానే నిలబడినవారిని చూపిస్తాడు. విగ్రహం చెప్పే పాఠం అంత సూటిగా ఉంటుంది.

ఇప్పుడు ఆ విగ్రహం కథ వినండి. 1865 ఏప్రిల్ 14 రాత్రి లింకన్‌ను ఒక హంతకుడు తుపాకితో కాల్చాడు. మరునాటి ఉదయం ఆయన మరణించారు. అప్పుడు ఒహాయో రాష్ట్రంలోని మారియెట్టా ఊరిలో షార్లెట్ స్కాట్ అనే స్త్రీ ఉండేది. ఆమె వర్జీనియాలో బానిసగా బతికి, స్వేచ్ఛ పొందిన మనిషి. లింకన్ మరణవార్త విని ఆమె దుఃఖించింది. స్వేచ్ఛ వచ్చిన తరవాత తాను మొట్టమొదటగా సంపాదించుకున్న ఐదు డాలర్లను తెచ్చి, తాను పనిచేస్తున్న ఇంటి యజమాని చేతిలో పెట్టి, ఆయనకు ఒక స్మారకం కట్టించమని కోరింది.

పేద విధవరాలు దేవాలయపు కానుకల పెట్టెలో వేసిన రెండు నాణేలు మనకు గుర్తొస్తాయి. ప్రభువు ఆ రెండు నాణేలను ధనవంతుల కానుకలన్నిటికంటె ఎక్కువగా లెక్కగట్టాడు. షార్లెట్ స్కాట్ ఐదు డాలర్ల గురించి విని, విముక్తులైన నల్లజాతి ప్రజలు, ముఖ్యంగా యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు, తమ జీతాల్లోంచి వేలాది డాలర్లు పోగుచేశారు. విగ్రహానికి అయిన ఖర్చంతా వాళ్ళదే. దిమ్మె కోసం మాత్రం అమెరికా పార్లమెంటు మూడు వేల డాలర్లు ఇచ్చింది.

డబ్బు వాళ్ళది. మరి విగ్రహం ఎలా ఉండాలన్న నిర్ణయం? అది వాళ్ళ చేతుల్లో లేదు. సెయింట్ లూయిస్ నగరంలో సైనికులకు, నిరాశ్రయులకు సేవ చేస్తున్న వెస్టర్న్ శానిటరీ కమిషన్ అనే సంస్థకు ఆ సొమ్ము అప్పగించారు. దాన్ని నడిపేవారు తెల్లజాతి పెద్దలు. చెడ్డవారు కాదు. బానిసత్వాన్ని అసహ్యించుకున్నవారు, యుద్ధకాలంలో ఎందరినో ఆదుకున్నవారు. మొదట హ్యారియెట్ హాస్మర్ అనే శిల్పి ఒక పెద్ద నమూనా తయారుచేసింది. అందులో నల్లజాతి మనిషి జీవితం నాలుగు దశలుగా ఉంటుంది. సంతలో అమ్ముడుపోయే బానిస దగ్గర మొదలై, చివరికి ఆయుధం పట్టి నిలబడ్డ సైనికుడిగా ముగుస్తుంది. దానికి ఖర్చు ఎక్కువవుతుందని పక్కన పెట్టారు. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఉంటున్న థామస్ బాల్ అనే శిల్పి చేసిన నమూనాను ఎంచుకున్నారు. అదే మనం పైన చూసినది. డబ్బు ఇచ్చిన షార్లెట్ స్కాట్‌ను గాని, సైనికులను గాని, ‘‘మిమ్మల్ని ఎలా చూపించమంటారు?’’ అని అడగలేదు.

ఇంకో సంగతి ఉంది. ఆ మోకరించిన మనిషి ముఖం ఊహించి చెక్కింది కాదు. మిస్సోరీ రాష్ట్రానికి చెందిన ఆర్చర్ అలెగ్జాండర్ అనే నిజమైన మనిషి ఛాయాచిత్రాన్ని శిల్పికి పంపి, అతని పోలికలు తీసుకున్నారు. ఎవరీ అలెగ్జాండర్? 1863లో, ఇంకా బానిసగా ఉండగానే, తిరుగుబాటుదారుల పక్షంవాళ్ళు ఒక రైలు వంతెన దూలాలను కోసి ఉంచారని తెలుసుకుని, ప్రాణాలకు తెగించి నడిచివెళ్ళి ప్రభుత్వ సైన్యానికి ఆ సంగతి చెప్పాడు. ఆ తరవాత యజమానినుంచి తప్పించుకుని సెయింట్ లూయిస్ చేరాడు. అక్కడ విలియం గ్రీన్‌లీఫ్ ఎలియట్ అనే బోధకుడు అతనికి ఆశ్రయమిచ్చాడు. తన కాళ్ళమీద తాను నడిచి, పదిమంది ప్రాణాలు కాపాడి, స్వేచ్ఛను వెతుక్కుంటూ వెళ్ళిన మనిషి అతను. కంచులో మాత్రం అతను మోకాళ్ళమీద ఉన్నాడు. ప్రపంచ ప్రసిద్ధ బాక్సర్ మహమ్మద్ అలీ ఈ అలెగ్జాండర్ వంశంలోని వాడేనని 2018లో వెల్లడైంది. ఎవరిముందూ తల వంచనని జీవితమంతా చాటినవాడికి పూర్వీకుడు ఆ విగ్రహంలోని మనిషి!

1876 ఏప్రిల్ 14న, లింకన్‌ను కాల్చిన రోజుకు సరిగ్గా పదకొండేళ్ళకు, ఆ విగ్రహాన్ని ఆవిష్కరించారు. అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్ వచ్చారు. ప్రధాన వక్త ఫ్రెడరిక్ డగ్లస్. ఆయన మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, 1838లో పారిపోయి, ఆ శతాబ్దంలోకెల్లా గొప్ప వక్తల్లో ఒకరైన నల్లజాతి నాయకుడు. ఆ సభలో ఆయన లింకన్‌ను పొగిడారు, కాని భజన చేయలేదు. లింకన్ మొదట తెల్లవారి అధ్యక్షుడేనని, నల్లవారు ఆయనకు సవతి బిడ్డలవంటివారని ముఖంమీదే చెప్పారు. అయినా ఆ మనిషి వల్లనే తమకు మేలు జరిగిందని కృతజ్ఞత తెలిపారు. సత్యం, కృతజ్ఞత ఒకదానికొకటి అడ్డురావని ఆ ఉపన్యాసం చెబుతుంది.

ఐదు రోజుల తరవాత ఆయన ఒక పత్రికకు ఉత్తరం రాశారు. ఎన్నో దశాబ్దాలు ఎవరి కంటా పడని ఆ ఉత్తరాన్ని 2020లో ఇద్దరు చరిత్రకారులు వెలికితీశారు. అందులోని సారాంశం ఇది. ఆ విగ్రహంలో నల్లవాడు లేవబోతున్నా, ఇంకా మోకాళ్ళమీదనే, ఒంటిమీద బట్ట లేకుండానే ఉన్నాడు. తాను చనిపోయేలోపు, మనిషిలా తన కాళ్ళమీద నిలబడ్డ నల్లవాడి విగ్రహాన్ని చూడాలని ఉంది. ఏ ఒక్క స్మారకమూ సత్యాన్నంతా చెప్పలేదు. ఆ పార్కులో ఇంకొక విగ్రహానికి చోటుంది. డగ్లస్ 1895లో చనిపోయారు. ఆ పార్కులో ఆయన కోరిక తీరలేదు.

‘‘ఇదంతా ఎందుకండీ? కంచు బొమ్మ ఎలా ఉంటే ఏమిటి? బానిసత్వం పోయింది, అదే చాలదా?’’ అని ఎవరైనా అనవచ్చు. కతోలికులమైన మనం ఆ మాట అనలేం. మన గుడుల్లో స్వరూపాలున్నాయి. మరియమాత స్వరూపానికి పూలదండ వేస్తాం. బొమ్మకు దండ ఎందుకని అడిగేవారికి మనం ఏం చెబుతాం? 787లో నైసియాలో జరిగిన విశ్వసభ ఇచ్చిన జవాబే చెబుతాం. స్వరూపానికి చేసే గౌరవం ఆ స్వరూపంలో ఉన్న వ్యక్తికి చేరుతుంది. ఇది మన నమ్మకమైతే దీనికి మరోవైపు కూడా ఉంది. స్వరూపంలో జరిగే చిన్నచూపు కూడా ఆ వ్యక్తికి చేరుతుంది. ఒక మనిషికే కాదు, ఆ ముఖంలో తన ముఖం చూసుకునే ప్రతి బిడ్డకూ చేరుతుంది. మనిషి దేవుని పోలికలో సృజింపబడ్డాడని ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతోంది. ఆ పోలికను నేలకు వంచి చూపడం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఎదుటివారి వాదన కూడా న్యాయంగా వినాలి. ఆ మనిషి పడిపోవడం లేదు, లేస్తున్నాడు. పిడికిలి బిగించి ఉన్నాడు. తన సంకెళ్ళు తెంచుకోవడంలో తానూ పాలుపంచుకుంటున్నాడు అని కొందరంటారు. నిజమే. మొదటి నమూనాలో ఆ మనిషి చేతగానివాడిలా ఉన్నాడని, సంస్థవారే శిల్పికి చెప్పి ఆ మార్పు చేయించారు. అయితే ఒక్కసారి ఆలోచించండి. నూటయాభై ఏళ్ళయినా ఆయన ఇంకా లేస్తూనే ఉన్నాడు. కంచులో ఉన్నవాడికి రెండో క్షణం రాదు. శిల్పి అతణ్ణి ఎక్కడ ఆపితే అక్కడే శాశ్వతంగా ఆగిపోతాడు. అందుకే ఏ క్షణాన్ని ఎంచుకోవాలన్నది కళకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, నీతికి సంబంధించిన ప్రశ్న కూడా.

ఆ విగ్రహం చెప్పని సత్యం మరొకటి ఉంది. ఆ యుద్ధంలో దాదాపు లక్షా ఎనభై వేలమంది నల్లజాతివారు ప్రభుత్వ సైన్యంలో చేరి పోరాడారు. వేలమంది చనిపోయారు. స్వేచ్ఛ వారికి ఎవరో చేయి చాచి పెట్టిన భిక్ష కాదు. లింకన్ చేసిన మేలు నిజం, వీరు పోసిన రక్తమూ నిజం. విగ్రహం మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని వదిలేసింది.

అదే కాలంలో అదే విషయాన్ని ఇంకొకరు చెక్కారు. ఆమె పేరు ఎడ్మోనియా లూయిస్. తండ్రి ఆఫ్రికా సంతతివాడు, తల్లి అమెరికా ఆదివాసి తెగకు చెందినది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. ఓబర్లిన్‌లో చదువుతున్నప్పుడు తోటి విద్యార్థినులకు విషం పెట్టిందని అభాండం వేశారు, కొందరు దుండగులు ఆమెను చావగొట్టి పొలంలో పడేశారు. న్యాయస్థానంలో ఆ నేరం నిలబడలేదు. ఆ తరవాత ఆమె ఇటలీ వెళ్ళి రోము నగరంలో శిల్పిగా స్థిరపడింది. ఎడ్మోనియా కతోలికురాలు. 1907లో లండన్‌లో మరణించినప్పుడు అక్కడి పునీత మరియమ్మ కతోలిక సమాధుల తోటలోనే ఆమెను భూస్థాపితం చేశారు.

1867లో, అంటే వాషింగ్టన్ విగ్రహానికి తొమ్మిదేళ్ళ ముందే, ఎడ్మోనియా పాలరాతిలో ఒక శిల్పం చేసింది. దాని పేరుకు అర్థం ‘ఇక ఎన్నటికీ స్వేచ్ఛ’. అందులోనూ ఇద్దరున్నారు. ఒక నల్లజాతి పురుషుడు తన కాళ్ళమీద నిలబడ్డాడు. తెగిన గొలుసు వేలాడుతున్న చేతిని పైకెత్తాడు. రెండో చేయి పక్కనున్న స్త్రీ భుజంమీద ఉంది. ఆ స్త్రీ మోకరించి ఉంది! చేతులు జోడించి పైకి చూస్తోంది. ఆ శిల్పంలో లింకన్ లేడు, యజమాని లేడు, దాత లేడు. ఆమె మోకరించింది ఏ మనిషి ముందూ కాదు. ఆకాశంవైపు చూస్తూ దేవునికి కృతజ్ఞత చెబుతోంది. ఆ శిల్పం ఇప్పుడు వాషింగ్టన్‌లోనే, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఉంది. రెండు శిల్పాలూ ఒకే విమోచన గురించినవే. రెండింటిలోనూ మోకాలు వంగింది. మొదటిదాంట్లో మనిషికి వంగింది, రెండోదాంట్లో దేవునికి వంగింది. మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఆ రెండింటి మధ్యనే ఉంది.

మన పవిత్ర గ్రంథం కూడా ఇదే చెబుతోంది. అపోస్తలుల కార్యముల పదవ అధ్యాయంలో రోమా శతాధిపతి కొర్నేలి, పేతురుగారు ఇంటికి రాగానే ఆయన పాదాలమీద పడ్డాడు. పేతురుగారు ఏం చేశారు? ఆ గౌరవాన్ని స్వీకరించలేదు. అతణ్ణి లేవనెత్తి, తానూ అతనిలాంటి మనిషినేనని చెప్పారు. మొదటి పోపుగారే తన ముందు మోకరించినవాణ్ణి లేపి నిలబెట్టారు. ఇక ప్రభువు మాటకు వస్తే, పవిత్ర గురువారం రాత్రి ఆయన నడుముకు తువాలు చుట్టుకుని శిష్యుల పాదాలు కడిగాడు. ఆ గదిలో వంగినది గురువు, కూర్చున్నవారు శిష్యులు. క్రైస్తవ చిత్రకారుడు మేలు చేసేవాణ్ణి గీయదలుచుకుంటే ఆ గదిలోంచి నేర్చుకోవాలి.

2020 మే 25న మినియాపోలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి మెడమీద ఒక పోలీసు అధికారి తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు మోపి ఉంచాడు. అతను ఊపిరాడక చనిపోయాడు. దేశమంతా అట్టుడికిపోయింది. జూన్ 1న టెక్సాస్‌లోని ఎల్ పాసో మేత్రాణులు మార్క్ సీట్జ్‌గారు తన గురువులతో కలిసి ఒక పార్కులో మౌనంగా మోకరించారు. రెండు రోజులకు పోపు ఫ్రాన్సిస్‌గారు ఆయనకు ఫోన్ చేసి ధన్యవాదాలు తెలిపారు. అధికారం చేతిలో ఉన్నవాడి మోకాలు ఎక్కడ ఉండాలి? మెడమీదా, నేలమీదా? ఒకే వారంలో లోకం ఆ రెండూ చూసింది.

ఆ రోజుల్లోనే లింకన్ పార్కు విగ్రహంమీద కూడా పెద్ద వివాదం లేచింది. దీనికి ఒక నకలు బోస్టన్ నగరంలో ఉండేది. టోరీ బులక్ అనే నల్లజాతి కళాకారుడు దాన్ని తీసివేయాలని సంతకాలు సేకరించాడు. నగర కళా సంఘం ప్రజల అభిప్రాయాలు విని 2020 జూన్ 30న తొలగింపుకు ఓటు వేసింది. డిసెంబరు 29న దాన్ని తీసివేశారు. వాషింగ్టన్‌లోని అసలు విగ్రహాన్ని మాత్రం తీయలేదు. అక్కడ తీయాలన్నవారిలోనూ, ఉంచాలన్నవారిలోనూ నల్లజాతివారు ఉన్నారు. ఉంచాలన్నవారు అడిగిన మాట మనసుకు తగులుతుంది. అందులో ఉన్నది బానిసత్వంనుంచి బయటపడ్డ మా పూర్వీకుల మొదటి సంపాదన, దాన్ని చెత్తలో పడేస్తామా అన్నారు.

నాకు తోచినంతవరకు ఈ రెండు నగరాలు చేసినవి పరస్పర విరుద్ధాలు కావు. బోస్టన్ నకలును 1879లో మోజెస్ కింబల్ అనే తెల్లజాతి ధనికుడు నగరానికి బహూకరించాడు. అందులో షార్లెట్ స్కాట్ ఐదు డాలర్లు లేవు, మోకరింపు మాత్రం ఉంది. వాషింగ్టన్ విగ్రహంలో రెండూ ఉన్నాయి. ఒక వస్తువు వల్ల నొప్పి కలుగుతోందంటే, నొప్పి ఎవరిదో వారి మాట మొదట వినాలి. వారే రెండు మాటలుగా మాట్లాడుతుంటే తొందరపడకుండా ఇంకాసేపు వినాలి. తొలగించడమే న్యాయం, ఉంచడమే న్యాయం అని దూరంనుంచి తీర్పు చెప్పడం సులువు.

డగ్లస్ సూచించిన మూడో దారి ఆయన పోయిన 79 ఏళ్ళకు నెరవేరింది. 1974 జూలై 10న అదే లింకన్ పార్కులో మేరీ మెక్‌లియోడ్ బెథూన్ విగ్రహం ఆవిష్కరించారు. ఆమె తల్లిదండ్రులు బానిసలుగా బతికినవారు. 1904లో ఐదుగురు ఆడపిల్లలతో, చేతిలో ఒకటిన్నర డాలరుతో, ఫ్లోరిడాలో బడి పెట్టింది. అదే పెరిగి పెద్ద కళాశాల అయింది. విగ్రహంలో ఆమె చేతికర్ర ఆనించి నిలబడి, ఇద్దరు నల్లజాతి పిల్లలకు ఒక పత్రం అందిస్తోంది. పిల్లలు కూడా నిలబడే అందుకుంటున్నారు. దానం ఇక్కడా ఉంది, పుచ్చుకునేవారు ఇక్కడా ఉన్నారు. మోకాళ్ళు మాత్రం ఎవరివీ వంగలేదు. ఆ సందర్భంలో లింకన్ విగ్రహాన్ని చుట్టూ తిప్పి, ఆమెకు అభిముఖంగా నిలిపారు. ఇన్నేళ్ళూ మోకరించిన మనిషి తలపైనుంచి దూరంగా చూస్తూ నిలిచిన లింకన్ ఇప్పుడు నిలబడ్డ ఒక నల్లజాతి స్త్రీని చూస్తున్నాడు.

పాఠకులారా, ఇది ఏదో అమెరికా రాజకీయమని మనం చేతులు దులుపుకోలేం. ఈ పాపంలో శ్రీసభ బిడ్డల చేయి కూడా ఉంది. డగ్లస్ మేరీలాండ్‌నుంచి పారిపోయిన 1838లోనే, అదే మేరీలాండ్‌లో యేసుసభ గురువులు తమ తోటల్లో పనిచేసే 272 మంది నల్లజాతి స్త్రీ పురుషులను, పిల్లలను అమ్మివేశారు. ఆ సొమ్ములో కొంత జార్జిటౌన్ కళాశాల అప్పులు తీర్చడానికి వాడారు. 2017లో ఆ విశ్వవిద్యాలయం బహిరంగంగా క్షమాపణ కోరి, అమ్ముడుపోయినవారి జాబితాలో మొదటి పేరైన ఐజాక్ హాకిన్స్ పేరు ఒక భవనానికి పెట్టింది. అంతకుముందే, 1992 ఫిబ్రవరిలో, రెండవ జాన్‌పాల్ పోపుగారు ఆఫ్రికా తీరంలోని గోరే దీవికి వెళ్ళి, బానిసల వ్యాపారం చేసిన క్రైస్తవుల పాపానికి క్షమాపణ వేడుకున్నారు.

శ్రీసభ వినడం నేర్చుకున్న సంఘటన కూడా ఒకటి చెప్పాలి. డెట్రాయిట్ నగరంలో తిరుహృదయ గురువిద్యాలయం ఉంది. దాని ఆవరణలో, వీధి మొగలో, యేసు తిరుహృదయ స్వరూపం చేతులు చాచి నిలబడి ఉంటుంది. 1967 జూలైలో ఆ నగరంలో పెద్ద అల్లర్లు జరిగాయి. 43 మంది చనిపోయారు. ఆ మంటల మధ్య ఎవరో వచ్చి ఆ స్వరూపం ముఖానికి, చేతులకు, పాదాలకు నల్లరంగు పూశారు. కొన్నాళ్ళకు ఇంకెవరో వచ్చి తెల్లరంగు పూశారు. అప్పుడు గురువిద్యాలయం పెద్దలు ఏం చేయాలి? పోలీసులను పిలవవచ్చు. రంగంతా గీకించి మామూలు రాయిని బయటపెట్టవచ్చు. వారు తామే మళ్ళీ నల్లరంగు వేయించారు. నేటికీ ఆ తిరుహృదయం నల్లగానే ఉంది. చుట్టుపక్కల నల్లజాతి ఇళ్ళలోని పిల్లలు బడికి పోతూ ఆ ముఖం చూస్తారు. ఆకలిగొన్నవాడిలో, పరదేశిలో తానున్నానని చెప్పిన ప్రభువు, ఈ ముఖంలో కూడా ఉన్నానని వారికి చెబుతున్నట్టే ఉంటుంది.

ఈ మధ్య, 2025 ఏప్రిల్ చివరినుంచి జూన్ దాకా, న్యూయార్కు నగరం నడిబొడ్డున టైమ్స్ స్క్వేర్‌లో ఒక కంచు విగ్రహం పెట్టారు. ఇంగ్లండుకు చెందిన థామస్ జె. ప్రైస్ చేసినది. పన్నెండడుగుల నల్లజాతి స్త్రీ. ఆమె రాణి కాదు, నాయకురాలు కాదు. సాదా బట్టలు వేసుకుని, నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది, అంతే. ఎందరో మెచ్చుకున్నారు, ఎందరో ఎగతాళి చేశారు. ‘‘ఈమె ఏం సాధించిందని విగ్రహం?’’ అని అడిగారు. ఆ ప్రశ్నే మనలను ఆలోచింపజేయాలి. తల ఎత్తుకుని నిలబడే హక్కు ఏదో సాధించినవారికే ఉంటుందా? పుట్టుకతోనే, దేవుని పోలికలో సృజింపబడినందువల్లనే రాదా?

మన దేశానికీ ఈ కథకూ పాత చుట్టరికం ఉంది. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో రాసిన ‘గులామ్‌గిరి’ పుస్తకాన్ని నల్లజాతి బానిసల విమోచనకు పాటుపడిన అమెరికా ప్రజలకే అంకితం చేశారు. అక్కడి సంకెళ్ళు, ఇక్కడి అంటరానితనం ఒకే కుటుంబానివని ఆయన గుర్తించారు. మన ఊళ్ళలో, మన విశ్వాసుల్లో ఎందరో పుట్టిపెరిగిన పేటల మొగలో, డాక్టర్ అంబేద్కర్ విగ్రహం ఉంటుంది. సూటు వేసుకుని, చంకలో పుస్తకం పెట్టుకుని, వేలు చూపిస్తూ నిటారుగా నిలబడి ఉంటారు. చాలాచోట్ల ఆ విగ్రహం కూలి డబ్బుల చందాతో వెలిసినదే. షార్లెట్ స్కాట్‌కు దక్కనిది ఈ పేదలకు దక్కింది. డబ్బూ వాళ్ళదే, విగ్రహం ఎలా నిలబడాలన్న నిర్ణయమూ వాళ్ళదే. ఆ విగ్రహానికి అవమానం జరిగితే పేట పేటంతా ఎందుకు కన్నీళ్ళు పెడుతుందో అర్థం కానివారు, డగ్లస్ ఉత్తరం కథ ఒకసారి గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది.

చివరిగా మన ఇళ్ళకు, మన విచారణలకు వద్దాం. క్రిస్మసుకు చీరలు, దుప్పట్లు పంచుతాం. మంచి పనే. ఫోటో తీస్తాం. ఆ ఫోటోలో నవ్వుతూ నిలబడేది ఎవరు? తల వంచుకుని చేయి చాచేది ఎవరు? ఆ తల్లి దుప్పటి అందుకునేదాకా ఆగి, ‘‘అమ్మా, ఇటు చూడు’’ అని కెమెరావైపు తిప్పుతాం కదా. ఆమెను అడిగామా? ఆ ఫోటో రేపు ఆమె మనవడు చూస్తే ఏమనుకుంటాడు? థామస్ బాల్ కంచులో చేసినదాన్ని మనం కాగితంమీద చేస్తున్నామేమో. మనవాళ్ళలో చెడ్డ ఉద్దేశం ఉండదు. సెయింట్ లూయిస్ పెద్దల్లోనూ లేదు. మంచి మనసు ఉంటే సరిపోదని, ఎదుటివారిని అడగడం కూడా ప్రేమలో భాగమేనని చెప్పడానికే ఇంత దూరం వెళ్ళివచ్చాం.

మనకు మేలు చేసినవారిని మరచిపోకూడదు. కృతజ్ఞత దేవుడు మెచ్చే గుణం. కాని దాన్ని పొందేవాడు అడిగి చేయించుకోకూడదు, తనకు నచ్చిన భంగిమలో చెక్కించుకోకూడదు. మేలు చేసినవాడు పేతురుగారిలా చేయి అందించి, ‘లే, నేనూ మనిషినే’ అనగలిగితే ఆ మేలు పూర్తవుతుంది.

వచ్చే ఆదివారం పూజలో మోకరించినప్పుడు మీ పక్కన ఎవరు మోకరించారో ఒకసారి చూడండి. మీ పొలంలో పనిచేసేవారు కావచ్చు, మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మ కావచ్చు. ఇద్దరూ ఒకే ప్రభువు ముందు ఒకే ఎత్తులో ఉన్నారు. పూజ ముగిసి గుడి మెట్లు దిగాక కూడా ఆ ఎత్తు అలాగే ఉండేటట్టు చూసుకోవడం మన బాధ్యత.